పెద్దల దగ్గు – పసిబిడ్డకు ముప్పు

దంపతులారా!

కన్నబిడ్డ చల్లగా ఉండాలని మీరు కోరుకుంటారు. ఆ బిడ్డకు క్షయ (టీ.బీ.) సోకితే వెంటనే కనిపెట్టడం మీ చేతుల్లోనే ఉంది.

బిడ్డకు క్షయ ఎలా వస్తుంది?

క్షయ శాపమూ కాదు, వంశంలో వచ్చే జబ్బూ కాదు. ఇది క్రిమి వల్ల వస్తుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గితే ఆ క్రిములు గాలిలో కలుస్తాయి. చంటిబిడ్డకు చాలావరకు ఇంట్లోవాళ్ళ నుంచే అంటుకుంటుంది. ఎత్తుకుని ముద్దాడే తాతయ్య కావచ్చు, పక్కలో వేసుకుని పడుకునే నాయనమ్మ కావచ్చు.

పెద్దవాళ్ళలో ఈ క్రిమి ఏళ్ళ తరబడి అణగి ఉండగలదు. ఏడాది నిండని బిడ్డ సంగతి వేరు. క్రిమి సోకినప్పుడు మందు పడకపోతే, అలాంటి బిడ్డల్లో ఇంచుమించు సగం మంది జబ్బు పడతారు. అదీ కొద్ది నెలల్లోనే. కొందరికి మెదడు పొరలకు పాకుతుంది.

అందుకే బిడ్డ దగ్గేదాకా ఆగకండి. ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె (తెమడ) పరీక్ష చేయించండి. క్షయ అని తేలితే బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించండి. జబ్బు ఉంటే చికిత్స చేస్తారు. లేకపోతే రాకుండా మందు ఇస్తారు.

బిడ్డలో ఏ గుర్తులు చూడాలి?

1. రెండు వారాలకు పైగా జ్వరం గాని, దగ్గు గాని ఉండడం.
2. బరువు తగ్గడం, లేదా పెరగకపోవడం.
3. పాలు సరిగా తాగక, ఆటలు మాని నీరసపడడం.

పళ్ళు వస్తున్నాయనో, దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టి ఊరుకోవద్దు. వాంతులు, మగత, ఫిట్సు ఉన్నా, నడినెత్తిన మాడు ఉబ్బినా ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

పరీక్ష, చికిత్స

చంటిబిడ్డ కళ్లె ఉమ్మలేదు. కనుక ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. అవసరమైతే పరగడుపున సన్నని గొట్టంతో కడుపులోని నీరు తీసి పరీక్షిస్తారు. భయపడకండి. మందులు మామూలుగా 6 నెలలు వాడాలి. మెదడుకు సోకితే 12 నెలలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితం. మూత్రం ఎర్రగా వస్తే కంగారు వద్దు, అది మందు రంగే. బిడ్డ తేరుకున్నాడు కదా అని మధ్యలో మాత్రం మానకండి.

బి.సి.జి. టీకా

1948లో మన మదనపల్లెలో ఈ టీకా వేయడం మొదలైంది. ఇప్పుడు పుట్టగానే ఎడమ భుజానికి వేస్తారు. అప్పుడు తప్పితే ఏడాది లోపు వేయించండి. మెదడు క్షయ వంటి ప్రమాదాల నుంచి ఇది చాలావరకు కాపాడుతుంది. అయినా టీకా పడింది కదా అని ధీమాగా ఉండవద్దు.

తల్లికే క్షయ ఉంటే?

బిడ్డకు పాలు మాన్పించకండి. పాల ద్వారా క్షయ రాదు. నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకుని పాలివ్వండి, మందు మానకండి. ఇంకొక సంగతి: క్షయకు వాడే రిఫాంపిసిన్ వల్ల గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. మందులు వాడినన్నాళ్ళూ నిరోధ్ గాని, కాపర్-టి గాని వాడడం గురించి నర్సమ్మను అడగండి.

గుర్తుంచుకోండి: దగ్గు పెద్దలదైనా, పరీక్ష బిడ్డకూ కావాలి!