హాస్యగాన శిల్పి – జార్జ్ గ్రాస్‌మిత్

రంగస్థల గాయకునికి గంభీరమైన కంఠస్వరం ఉండాలని లోకం భావిస్తుంది. అటువంటి కంఠం లేకుండానే 19వ శతాబ్దపు లండన్ ప్రేక్షకులను పన్నెండేళ్ల పాటు అలరించిన గాయకుడు, స్వరకర్త జార్జ్ గ్రాస్‌మిత్.

ఆయన 1847 డిసెంబరు 9న లండన్‌లో జన్మించాడు. తండ్రి న్యాయస్థాన విలేకరి. సభలలో హాస్యోపన్యాసాలు కూడా చేసేవాడు. ఆ రెండు విద్యలూ కుమారునికి అబ్బాయి. యువకుడైన గ్రాస్‌మిత్ బో స్ట్రీట్ న్యాయస్థానపు వార్తలను 'టైమ్స్' పత్రికకు రాసేవాడు. మరోవైపు పియానో ముందు కూర్చొని, తాను స్వరపరచిన హాస్యగీతాలను సభలలో పాడేవాడు.

1877లో స్వరకర్త ఆర్థర్ సల్లివన్ నుండి ఆయనకు ఆహ్వానం వచ్చింది. గిల్బర్ట్ రచించగా సల్లివన్ సంగీతం కూర్చిన 'ది సార్సరర్' అనే హాస్య సంగీత రూపకంలో మాంత్రికుని పాత్ర అది. ఆ పిలుపు సంతోషంతో పాటు సంకటాన్నీ తెచ్చింది. నాటకశాలలో అడుగుపెట్టడమే దోషమని తలచే ధర్మనిష్ఠాపరులు నాటి ఇంగ్లండులో అనేకులు. అటువంటివారు నడిపే సంఘాల సభలు గ్రాస్‌మిత్‌కు జీవనాధారం. నటుడైతే ఆ సభలు దూరమవుతాయి. నాటకం విఫలమైతే రెంటికీ చెడ్డ రేవడి కావలసిందే. పైగా తన కంఠంపై ఆయనకే నమ్మకం లేదు. ఈ పాత్రకు చక్కని గాయకుడు కావాలి కదా అని ఆయన సందేహించగా, తమకు అక్కరలేనిది అదేనని గిల్బర్ట్ చమత్కరించాడు. నాటక సంస్థకు పెట్టుబడి పెట్టినవారు సైతం ఆయనను వద్దన్నారు. అయినా గ్రాస్‌మిత్ సాహసించి అంగీకరించాడు. 1877 నవంబరు 17న జరిగిన తొలి ప్రదర్శన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

గిల్బర్ట్ గీతాలలో పదాలు వడగళ్లవలె వేగంగా రాలుతాయి. వాటికి గొంతు బలం కన్నా ఉచ్చారణలో స్పష్టత, హాస్యస్ఫూర్తి ముఖ్యం. ఆ రెండూ గ్రాస్‌మిత్ సొత్తు. 1878లో 'హెచ్.ఎం.ఎస్. పినాఫోర్'లో సముద్రయానమెరుగని నౌకాదళాధిపతిగా, 1885లో 'ది మికాడో'లో తలారి కో-కోగా ఆయన నవ్వుల పంట పండించాడు. ఇంత కీర్తి వచ్చినా తొలి ప్రదర్శన అంటే ఆయనకు భయం తప్పేది కాదు.

1889లో ఆయన ఆ సంస్థను వీడి, పియానో ఒక్కటే తోడుగా బ్రిటన్, అమెరికా దేశాలలో కచేరీలు చేశాడు. జీవితకాలంలో దాదాపు 600 గీతాలను, హాస్య ప్రహసనాలను సృష్టించాడు. ఒక సామాన్య గుమాస్తా దినచర్యను హాస్యంగా చిత్రించే 'ది డైరీ ఆఫ్ ఎ నోబడీ'ని సోదరుడు వీడన్‌తో కలిసి రూపొందించాడు. అది 1892లో పుస్తకంగా వెలువడింది. 1912 మార్చి 1న ఆయన ఫోక్‌స్టోన్ పట్టణంలో కన్నుమూశాడు.

లోపం లేని కళాకారుడు అరుదు. తన కంఠానికి ఉన్న హద్దులను గ్రాస్‌మిత్ దాచలేదు. వాటికి లొంగిపోనూ లేదు. ఆ చిన్న గొంతుకు తగిన కళను ఎంచుకొని, దానిలోనే శిఖరాన్ని అందుకొన్నాడు.