కప్పగంతులు వేసే సెస్నా

యాదగిరిగుట్ట వైపు నుంచి ఎవరైనా చిన్న విమానం నడపడం నేర్చుకోవాలంటే ఒక దారి హైదరాబాద్, ఇంకోటి నాగార్జునసాగర్. సాగర్ ఎయిర్‌స్ట్రిప్ కృష్ణా నది అవతల విజయపురి సౌత్‌లో ఉంది. అక్కడినుంచి లేచిన సెస్నా 152 ఒకటి 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థి చనిపోయింది. అది దిగేటప్పుడు జరిగింది కాదు. శిక్షణలో తరచూ విమానాన్ని విరగ్గొట్టేది మాత్రం ల్యాండింగే.

దిగేముందు రన్‌వే పక్కగా తిరిగే దారి, అంటే సర్క్యూట్, నేల నుంచి 1000 అడుగుల ఎత్తున. రన్‌వేకు సమాంతరంగా సాగే డౌన్‌విండ్‌లో దిగే చోటు రెక్క పక్కకు రాగానే కార్బ్ హీట్ (కార్బురేటర్‌ను వేడిచేసే మీట) లాగి, పవర్ తగ్గించి, రెక్కల వెనక పలకలైన ఫ్లాప్స్ 10 డిగ్రీలు దించాలి. రన్‌వే వైపు మళ్లే బేస్‌లో 20, రన్‌వేకు ఎదురుగా దిగే ఫైనల్‌లో 30. వేగం 60 నాట్ల దగ్గర నిలవాలి. తంటా అంతా ఈ అంకెతోనే. 70తో వస్తే చక్రాలు ఆనవు, రన్‌వే కరిగిపోతుంటుంది. పైగా మధ్యాహ్నం చెలకలు, రాతిగుట్టలు కాగి గాలి పైకి తన్నుతుంది. మొదటి సోలో (ఒంటరిగా ఎగరడం) పొద్దున్నే మంచిది.

నేల దగ్గరయ్యాక చూపు రన్‌వే చివరన పెట్టి, పవర్ తీసేసి, యోక్‌ను (చేతి స్టీరింగును) కొంచెం కొంచెంగా లాగుతూ పోవాలి. గబుక్కున లాగితే విమానం మళ్లీ పైకి లేస్తుంది. వెనక చక్రాలు ముందు తాకాలి.

గట్టిగా తాకి ఎగిరిందనుకోండి. భయంతో చెయ్యి యోక్‌ను ముందుకు నెడుతుంది. అదే కొంప ముంచేది. ముక్కుచక్రం ముందు పడి, విమానం ఇంకా ఎత్తుకు లేచి, కప్పగంతులు మొదలవుతాయి. రెండు మూడు గంతులకే ముక్కుచక్రం కాడ విరిగి ప్రొపెల్లర్ నేలను కొట్టొచ్చు. చిన్న గంతైతే ముక్కును అదే ఎత్తున నిలిపి, కాస్త పవర్ ఇచ్చి దిగనివ్వాలి. పెద్దదైతే గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి పోవడం: ఫుల్ థ్రాటిల్, కార్బ్ హీట్ లోపలికి, ఫ్లాప్స్ 20కి, ముక్కు పక్కకు పోకుండా కుడి రడ్డర్, 55 నాట్లు. నన్నడిగితే, దిగడం కంటే ముందు రావలసిన విద్య ఇదే. చాలామంది దీన్ని ఓటమి అనుకుని ఆలస్యం చేస్తారు.

తాకాక కూడా యోక్ వెనక్కే, బ్రేకు మెల్లగా, పక్కగాలి ఉంటే ఐలెరాన్ గాలివైపు. గట్టిగా పడితే ఇన్‌స్ట్రక్టర్‌కు దాచకూడదు. ఇంజిన్ వెనకున్న ఫైర్‌వాల్ రేకు ముడతపడిందేమో, ప్రొపెల్లర్ కొసలు వంగాయేమో ఇంజినీర్ చూశాకే ఇంకొకరు ఎక్కాలి.