పళ్లు లేని పెద్దలు – నమిలే శక్తి

పళ్లన్నీ ఊడిపోయిన పెద్దలు ఒక్కొక్క పదార్థమే మానేస్తూ వస్తారు. ముందు జామకాయ, వేరుశనగ గుళ్లు. తరువాత జొన్నరొట్టె, మాంసం. చివరకు మజ్జిగన్నం, ఇడ్లీ మిగులుతాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పరు. "వయసైంది, ఆకలి తగ్గింది" అని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. ఈలోగా మాంసకృత్తులు, పీచు పదార్థం తగ్గి మలబద్ధకం, నీరసం, బరువు తగ్గడం మొదలవుతాయి.

సెట్టు ఉన్నా ఎందుకు నమలలేరు?

పై సెట్టుకు అంగిలి ఆధారం. లాలాజలం పొర సాయంతో అది అంగిలికి అంటుకొని ఉంటుంది. కింది సెట్టుకు సన్నని చిగురు గట్టే ఆధారం. నాలుక, బుగ్గలు కదిలినప్పుడల్లా అది లేస్తుంది. పైగా పళ్లు పోయిన దవడ ఎముక ఏటేటా అరుగుతుంది. కింది దవడలో ఈ అరుగుదల మరీ ఎక్కువ. అందుకే ఒకప్పుడు సరిగ్గా ఉన్న సెట్టు కొన్నేళ్లకు వదులవుతుంది.

ఇంప్లాంట్ అంటే ఏమిటి?

దవడ ఎముకలో అమర్చే చిన్న టైటానియం స్క్రూనే ఇంప్లాంట్ అంటారు. స్వీడన్‌కు చెందిన డాక్టర్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల ఎముకను పరిశీలిస్తుండగా, అందులో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి ఊడి రాలేదు. ఆ గుణం ఆధారంగా 1965లో ఆయన మొదటి రోగికి ఇంప్లాంట్లు అమర్చారు.

పళ్లు లేనివారికి పంటికొక ఇంప్లాంట్ అవసరం లేదు. పళ్లు లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల ఆధారంతో నిలిచే సెట్టును మొదటి ఎంపికగా భావించాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సూచించారు. వీటిని దవడ ముందు భాగంలో పెడతారు. ఎముక పట్టుకోవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. తరువాత సెట్టు టిచ్ బటన్‌లాగా వాటిపై బిగుస్తుంది. కడగడానికి తీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

అందరికీ తగునా?

వయసు ఒక్కటే అడ్డంకి కాదు. అదుపులో లేని షుగరు, చుట్ట, బీడీ, గుట్కా అలవాటు, దవడకు రేడియేషన్ చికిత్స, ఎముకల బలానికి వాడే కొన్ని మందులు ఇబ్బంది కలిగించవచ్చు. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే దంతవైద్యునికి ముందే చెప్పండి. సొంతంగా మానవద్దు. ఖర్చు భరించలేనివారు నిరాశపడనక్కరలేదు. వదులైన సెట్టుకు లోపల కొత్త పొర వేయించినా, కొత్త సెట్టు చేయించినా ఎంతో సుఖంగా ఉంటుంది.

నమలగలిగితే చాలదు

ఇంప్లాంట్లతో నమలడం బాగుపడుతుందని, రోగులకు తృప్తి కలుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే పోషణ మాత్రం దానంతట అదే మెరుగుపడటం లేదు. ఏళ్ల తరబడి మెత్తని తిండికి అలవాటుపడినవారు కొత్త సెట్టు వచ్చినా అదే తింటారు. కాబట్టి మానేసిన ఆహారాన్ని తిరిగి అలవాటు చేయాలి.

1. మొదట ఉడికిన గుడ్డు, చేప, పప్పు కలిపిన ఆకుకూర పెట్టండి.
2. తరువాత బొప్పాయి, అరటిపండు, బాగా ఉడికిన శనగలు ఇవ్వండి.
3. అలవాటైన కొద్దీ మెత్తగా ఉడికిన మాంసం, జొన్నరొట్టె, చిన్న ముక్కలుగా కోసిన పండ్లు ఇవ్వండి.
4. చిన్న ముద్దలు తీసుకొని, రెండు వైపులా నిదానంగా నమలమనండి. తరచుగా పొలమారుతుంటే వైద్యునికి చూపించండి.

రోజువారీ శుభ్రత

భోజనం తరువాత సెట్టు తీసి కడగాలి. మెత్తని బ్రష్‌తో ఇంప్లాంట్ల చుట్టూ శుభ్రం చేయాలి. రాత్రి సెట్టు తీసి, శుభ్రం చేసి చల్లని నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లు వాడితే సెట్టు వంకరపోతుంది. చిగురు వాచినా, రక్తం కారినా, ఇంప్లాంట్ కదిలినా వెంటనే చూపించాలి. చేతులు వణికేవారికి, మంచాన ఉన్నవారికి ఈ పని ఇంట్లోవారే చేయాలి.

దేవుడు మనకిచ్చిన పెద్దలను ఈ వారం ఒక్క మాట అడగండి: "ఇదివరకు తిని ఇప్పుడు మానేసినవి ఏమిటి?" వారు చెప్పినవన్నీ రాసుకొని, ఆ కాగితంతో వారిని దంతవైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.