నిర్ణయం ముందే జరగాలి

అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కుర్రాడికైనా, ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయికైనా ఏదో ఒక శుక్రవారం రాత్రి ఎవరో ఒక గ్లాసో, మాత్రో చేతికిస్తారు. "ఒక్కసారికి ఏం కాదులే" అంటారు. తీసుకోవాలా వద్దా అని అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. నలుగురిలో వేరుపడిపోతామన్న బెరుకు ముందు వివేకం నోరు విప్పదు. అందుకే కాదనే నిర్ణయం మనసు నిలకడగా ఉన్నప్పుడే జరిగిపోవాలి.

దీనికి శాస్త్రం చెప్పే కారణం ఉంది. ముందువెనకలు చూసి అడుగు వేయించే మెదడు ముందుభాగం దాదాపు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఉత్సాహాన్ని, ఆనందాన్ని వెతుక్కునే భాగం అంతకన్నా ముందే చురుకందుకుంటుంది. ఆ వయసులో అలవాటు తేలిగ్గా అంటుకుంటుంది, వదిలించుకోవడమే కష్టం.

పైగా ఇవాళ "ఒక్కసారి" అన్న మాటకు అర్థమే లేదు. హెరాయిన్ కన్నా 50 రెట్లు బలమైన ఫెంటనిల్ అనే మత్తుమందును నకిలీ మాత్రల్లో కలిపి అమ్ముతున్నారు. పెన్సిల్ మొన మీద పట్టే 2 మిల్లీగ్రాములే ప్రాణం తీయొచ్చు. పరీక్షల ముందు రాత్రి మేలుకోవడానికని స్నేహితుడిచ్చిన అడరాల్, నిద్ర పట్టడానికని ఆన్‌లైన్‌లో కొన్న జానాక్స్ నకిలీవి కావచ్చు. చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. 2022లో మాదకద్రవ్యాల మోతాదు మించి అమెరికాలో సుమారు 1,08,000 మంది చనిపోయారు.

మన విద్యార్థులకు మరో ముప్పుంది. తాగి బండి నడిపి అరెస్టయితే వీసా రద్దు కావచ్చు. గంజాయిని చాలా రాష్ట్రాలు అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించదు, వలస చట్టాలు ఫెడరల్ ప్రభుత్వానివే, కాబట్టి గంజాయీ వీసాకు ముప్పే. పొలం తాకట్టు పెట్టి పంపిన తల్లిదండ్రుల ఆశ ఒక్క రాత్రిలో కూలిపోవచ్చు.

మరి ఏం చేయాలి? "నేను తీసుకోను" అన్న చిన్న మాటను సిద్ధంగా ఉంచుకోండి. కారణం చెప్పనక్కర్లేదు, క్షమాపణ అసలే అక్కర్లేదు. పార్టీకి వెళ్లేముందే తిరిగి వచ్చే దారి చూసుకోండి. ఒంటరితనం, ఉద్యోగం దొరకని దిగులు మత్తు వైపు లాగుతుంటే మనసులో దాచుకోకండి. 988 సహాయవాణికి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా వినేవాళ్లుంటారు.

పక్కవాడు పడిపోతే భయపడి తప్పుకోకండి. 2019 జూలై నుంచి 2021 డిసెంబరు దాకా మోతాదు మించి చనిపోయిన 10-19 ఏళ్ల పిల్లలపై అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశీలన చేసింది. మూడింట రెండు వంతుల మరణాల్లో దగ్గర్లో ఎవరో ఒకరున్నారు, కానీ వారిలో ఎక్కువమంది ఏమీ చేయలేదు. వెంటనే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. సాయం కోసం పిలిచినవారికి చాలా రాష్ట్రాల చట్టాలు కొంత రక్షణ ఇస్తాయి. ఫెంటనిల్ ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్ స్ప్రే 2023 నుంచి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది.

తల్లిదండ్రులకూ ఒక మనవి. "ఏ వేళైనా ఫోన్ చెయ్యి నాన్నా, తిట్లు తర్వాత, ముందు నువ్వు క్షేమంగా ఉండాలి" అని ఈరోజే చెప్పండి. పరువు పోతుందన్న భయంతో పిల్లలు నోరు మూసుకునే ఇంట్లో ప్రమాదం పెరుగుతుంది.

యువతీ యువకులారా, నలుగురూ అటు నడుస్తున్నప్పుడు ఆగి నిలబడగలగడమే వ్యక్తిత్వం. ఆ నిర్ణయం ఈ శుక్రవారం దాకా ఆగనివ్వకండి, ఇప్పుడే తీసుకోండి.