ఏఎన్ఏ పాజిటివ్ వస్తే సాంచా వదిలేయాలా?

తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ వచ్చి లింబాయత్, ఉధనా వైపు సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న మనవాళ్లకు ఒళ్లు నొప్పులు కొత్త కాదు. పన్నెండు గంటలు నిలబడితే మోకాళ్లు పీకుతాయి. ఆ నొప్పికని వెళ్తే డాక్టరు రక్తపరీక్ష రాస్తాడు. రిపోర్టులో ‘ఏఎన్ఏ పాజిటివ్’ అని వస్తుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. పని మానేసి ఊరికి పోదామా అన్న ఆలోచన మొదలవుతుంది. దయచేసి ఆ తొందర పడకండి.

మన రక్షణ వ్యవస్థ కొన్నిసార్లు సొంత కణాల కేంద్రకం మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. వాటిని వెతికేదే ఈ ఏఎన్ఏ పరీక్ష. రిపోర్టులో ‘పాజిటివ్’ పక్కనుండే 1:80, 1:320 లాంటి అంకెను రంగు నీళ్లతో పోల్చుకోండి. ఎంత పలచన చేసినా ఇంకా రంగు తేలుతోందంటే అంత చిక్కగా ఉన్నట్టు. 1:40 దగ్గర ఆరోగ్యవంతుల్లో కూడా దాదాపు నలుగురిలో ఒకరికి పాజిటివ్ రావచ్చు. 1:160 దగ్గర నూటికి ఐదుగురికి వస్తుంది. వయసు పెరిగినా, థైరాయిడ్ జబ్బున్నా, కొన్ని ఇన్ఫెక్షన్లలోనూ, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ వాడినా రావచ్చు. కాబట్టి కాగితం ఒక్కటే జబ్బు కాదు, ఒంటి లక్షణాలతో కలిపి చదవాలి.

ఏ లక్షణాలు? పొద్దున లేచి అరగంట దాటినా తెగిన పోగు ముడివేయడానికి వేళ్లు లొంగకపోవడం, ఎండకు ముఖం మీద దద్దు, నోట్లో మానని పుండ్లు, చన్నీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడి నీలం కావడం. ఇవి ఉంటే వాయిదా వేయకండి. మూత్రం నురగ కట్టినా, ముఖం, కాళ్లు వాచినా ఆ రోజే వెళ్లండి. లూపస్ (రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) అయితే కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో చూడాలి. సూరత్‌లో న్యూ సివిల్ ఆస్పత్రి, స్మీమేర్ ఆస్పత్రి రెండూ ప్రభుత్వ రంగంలోవే. మూత్రంలో ప్రోటీన్, డీఎస్‌డీఎన్ఏ, సీ3, సీ4 పరీక్షలు అవసరమా అని డాక్టరును అడగండి. ఒకసారి పాజిటివ్ వచ్చాక ఏఎన్ఏనే మళ్లీ మళ్లీ చేయించడం చాలామందికి దండగ ఖర్చు.

నాకు ఎక్కువ బెంగ ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు, స్టోన్లు అతికే ఆడవాళ్ల గురించి. లూపస్ వచ్చే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో. ముక్కకింత కూలి కాబట్టి ఒక పూట ఆస్పత్రికి పోతే ఆ పూట డబ్బు పోతుంది. అందుకే నొప్పి మాత్ర మింగి కూర్చుంటారు. అమ్మా, భర్తకు ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే మీకూ అందులో వైద్యం ఉంది. కార్డు మీద మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి.

ఈఎస్ఐ నెలకు 21,000 లోపు జీతగాళ్లకు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడితే, ఆ తర్వాతి లబ్ధి కాలంలో జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. సేటు మీ పేరు నమోదు చేశాడా, చందా కడుతున్నాడా అన్నది ఒళ్లు బాగున్నప్పుడే కనుక్కోండి.

లూపస్ అని తేలితే డాక్టరు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు రాయవచ్చు. ఒళ్లు తేలికపడిందని దాన్ని మీ అంతట మీరు ఆపకండి, కంటి పరీక్షలు మరవకండి. స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా మానడం ప్రమాదం. రాత్రి షిఫ్టు మార్చమని సేటును అడగడానికి డాక్టరు చీటీ తీసుకోండి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే సంచిలో పెట్టుకోండి, ఊరికి వెళ్లినప్పుడు కూడా వెంట తీసుకెళ్లండి.