కుట్టుకు తగిన దారము

వస్త్రము కొనునప్పుడు మనము నాలుగు దుకాణములు తిరుగుదుము. నేత చూతుము, రంగు చూతుము, ధర బేరమాడుదుము. ఆ వస్త్రమును ఉడుపుగా నిలుపు దారమును గూర్చి మాత్రము, రంగు కలిసినదా లేదా యను ప్రశ్న తప్ప వేరొకటి వేయము. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో కుట్టు యంత్రము కలదు. కొన్ని ఇండ్లలో తల్లియో అక్కయో దానిమీద కుట్టి తెచ్చు కూలియే పిల్లల చదువునకు ఆధారము. కుట్టు విడిపోయినప్పుడు బట్ట ఇచ్చినవారు దారమును నిందింపరు; కుట్టిన చేతిని నిందింతురు. కావున దారపు ఎంపిక చిన్న విషయమని త్రోసిపుచ్చుటకు వీలులేదు.

ఈ సంగతిని భాషలును చెప్పకయే చెప్పుచున్నవి. అరబ్బీలో దారమునకు 'ఖైత్' అని పేరు. దానికి సంబంధించినదే దర్జీ అను అర్థముగల 'ఖయ్యాత్' అను మాట. పారశీకమున 'దర్జ్' అనగా కుట్టు. ఉర్దూలోను తెలుగులోను మనము వాడు 'దర్జీ' దానినుండి ఏర్పడినది. సంస్కృతమున 'సూత్రము' అనగా దారము. నియమమనియు దానికి అర్థము కలదు. దారమును ఎన్నుకొనుటకు కూడ కొన్ని సూత్రములు కలవు. వానిని ఇచట వరుసగా పరిశీలింతము.

మొదటి సూత్రము: దారము బట్టకంటె బలమైనది కారాదు. గట్టి దారము వాడినచో కుట్టు చిరకాలము నిలుచునని పలువురి నమ్మకము. ఇది సగము నిజము మాత్రమే. కుట్టుపై లాగుడు పడినప్పుడు ఏదో యొకటి తెగక తప్పదు. దారము తెగినచో పది నిమిషములలో మరల కుట్టవచ్చును. దారము తెగక బట్ట చిరిగినచో రఫూ చేయించినను పూర్వపు రూపము రాదు. పలుచని పట్టు రవికెకును, మల్మల్ దుపట్టాకును లావైన పాలియెస్టరు దారము వేసినచో, ఆ దారమే సూది బెజ్జముల వెంబడి బట్టను కోయును. కావున సన్నని బట్టకు సన్నని దారము, పుస్తకముల సంచికిని ముతక ప్యాంటుకును లావు దారము వాడవలెను.

రెండవ సూత్రము: దారము యొక్క జాతిని గుర్తింపవలెను. నూలు దారము ఇస్త్రీ వేడిమిని ఓర్చును. తడిసినప్పుడు దాని బలము తగ్గక కొంత పెరుగును. కాని ఉతుకుటలో కుంచించుకొనిపోవు గుణము కలదు. బట్ట నిలిచి దారము కుంచించినచో కుట్టు వెంట ముడతలు పడును. నూలునకు నిగనిగలాడు మెరుపును అధిక బలమును ఇచ్చు విధానమును మెర్సరైజు చేయుట యందురు. నూలును కాస్టిక్ సోడాలో ముంచు పద్ధతికి జాన్ మెర్సర్ అను ఆంగ్లేయుడు 1850లో పేటెంటు పొందెను. అట్లు ముంచునప్పుడు నూలును బిగలాగి ఉంచినచో మెరుపు వచ్చునని 1890 ప్రాంతమున హొరేస్ లో కనుగొనెను.

పాలియెస్టరు దారము ఉతుకుటలో అంతగా కుంచించుకొనదు, తేమకు కుళ్ళదు, బలమున నూలును మించును. నేడు ఇంటి కుట్టులో అధికముగా వాడబడునది ఇదియే. దీనికిని రెండు లోపములు కలవు. మొదటిది, మిక్కిలి వేడి ఇస్త్రీ క్రింద ఇది మెత్తబడును. సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిమ్మట కరగును. రెండవది, నూలు బట్టలకు వేయు రంగు దీనికి పట్టదు. తెల్లని నూలు కమీజును పాలియెస్టరు దారముతో కుట్టి, పిమ్మట రంగువేయువారికి ఇచ్చినచో బట్ట అంతయు రంగు పట్టును, కుట్లు మాత్రము తెల్లగా నిలుచును. రంగు వేయింపదలచిన బట్టను నూలు దారముతోనే కుట్టవలెను.

దుకాణములలో 'సిల్కు దారము' అను పేర దొరకునది తరచు పట్టు కాదు, రేయాన్. దాని మెరుపు కన్నులకు ఇంపుగా ఉండును. కాని తడిసినప్పుడు రేయాన్ తన బలములో పెద్ద భాగమును కోల్పోవును. పువ్వులు కుట్టుటకు అది తగును. చంకలు, ప్రక్కలు కుట్టుటకు తగదు. అలంకారమునకు ఉద్దేశించిన దారముపై బరువు మోపరాదు.

మూడవ సూత్రము: పేటలను, పురిని చూడవలెను. మంచి కుట్టు దారము రెండు లేక మూడు పేటలు కలిపి పురి పెట్టబడినదై యుండును. అడుగు పొడవు దారమును నిలువుగా పట్టి చూచినచో, పేటల గీతలు క్రింద ఎడమనుండి పైన కుడికి ఏటవాలుగా పోవుచుండవలెను. సాధారణ కుట్టు యంత్రమునకు తగిన పురి ఇదియే. దీనికి వ్యతిరేకముగా పురి పెట్టిన దారమును యంత్రమునకు ఎక్కించినచో, కుట్టు పడుకొలది పురి విడి, పేటలు విచ్చి, దారము తెగును. కుట్టులో చేరుటకు ముందు ప్రతి దారపు ముక్కయు సూది బెజ్జములో పలుమార్లు ముందుకు వెనుకకు రాయబడును. అందుచేత నూగు లేనిది, ముడులు లేనిది, అంతటను ఒకే లావు గలది ఎన్నుకొనవలెను. చేతికుట్టుకై మైనము పూసిన దారమును యంత్రమున వాడరాదు. ఆ మైనము దారమును బిగించు బిళ్ళలకు అంటుకొని బిగింపును చెరచును.

నాలుగవ సూత్రము: సంఖ్య అర్థము తెలియవలెను. నూలు లెక్కలో ఒక పౌను బరువునకు 840 గజముల చిలపలు ఎన్ని తూగునో అదియే దాని నంబరు. కావున 40 కంటె 60 సన్ననిది. పాలియెస్టరు రీళ్ళ మీది టికెట్టు సంఖ్యయు అట్టిదే. 120 సన్ననిది, 40 లావైనది. టెక్సు, డెనియరు లెక్కలు దీనికి విరుద్ధములు. 1000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అది టెక్సు. 9000 మీటర్లు ఎన్ని గ్రాములు తూగునో అది డెనియరు. వీనిలో సంఖ్య పెరిగినకొలది దారము లావగును. ఏ లెక్కయో చూడక సంఖ్యను మాత్రము చూచి కొన్నచో సన్ననిది కోరి లావైనది తెచ్చుకొందుము.

దారమునకు తోడు సూదియు కుదరవలెను. సూది పొట్లముపై 75/11, 90/14, 100/16 అని రెండు సంఖ్యలు ఉండును. మొదటిది సూది లావును మిల్లీమీటరులో నూరవ వంతులలో తెలుపును. 90 అనగా 0.9 మిల్లీమీటరు. పలుచని బట్టలకు 11, మధ్యరకమునకు 14, ముతక బట్టలకు 16 లేక 18 తగును. ఒక సులభమైన పరీక్ష కలదు. యంత్రమునుండి తీసిన సూదిలో మూర పొడవు దారము ఎక్కించి, రెండు కొనలను బిగించి ఏటవాలుగా పట్టుకొనవలెను. సూది తనంతట జారి క్రిందికి వచ్చినచో బెజ్జము చాలినది. నడుమ చిక్కుకొనినచో దారము మార్చవలెను, లేదా పెద్ద సూది వేయవలెను.

ఇక ఎంబ్రాయిడరీ. ఇందు పైన మెరయు దారము, క్రింద బాబిన్లో సన్నని దారము వాడుట మేలు. రెండును లావైనచో పువ్వు గట్టిపడి అట్టవలె నిలుచును. పై బిగింపును కొంత సడలించినచో బాబిన్ దారము పైకి కనబడదు. జరీ విషయమున మరింత జాగ్రత్త వలయును. అసలు జరీ యనగా పట్టు పోగునకు వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. రాగి తీగతోను, ప్లాస్టిక్ పొరతోను చేసినవియు జరీ పేరనే అమ్ముడగును. రాగిది కాలక్రమమున నల్లబడును. ముతక జరీ సూది బెజ్జములో రాపిడికి విచ్చిపోవును. అట్టిదానిని బాబిన్లో చుట్టి, బట్టను తిరగవేసి వెనుకనుండి కుట్టినచో ముందువైపున చక్కగా అమరును. కార్చోబు మీద చేతితో పనిచేయు జర్దోజీలు జరీని బట్టపై పరచి వేరొక సన్నని దారముతో అచ్చటచ్చట పట్టుకుట్లు వేయుటలోని రహస్యమును ఇదియే: మెరయు పోగును రాపిడికి గురిచేయరాదు.

కొనుటకు ముందును, వాడుటకు ముందును చేయదగిన పరీక్షలు కొన్ని కలవు. రీలు మీద కనబడు రంగుకంటె ఒంటి పోగు లేతగా కనబడును. కావున పోగును విప్పి బట్టపై పరచి పగటి వెలుతురులో చూడవలెను. సరిగా కలియనిచో ఒక పాలు ముదురు రంగు మేలు. తడిసిన తెల్లగుడ్డతో రుద్దినచో రంగు దిగుచున్నదేమో తెలియును. జాతి తెలియనప్పుడు అంగుళము ముక్కను కాల్చి చూడవలెను. నూలు, రేయాన్ కాగితమువలె కాలి బూడిదయగును. పట్టు వెంట్రుకలు కాలిన వాసన ఇచ్చును. పాలియెస్టరు కరగి గట్టి పూసయగును. ఎండ తగులుచోట ఏండ్లు పడియున్న రీలును రెండు చేతుల లాగి చూచిన పిమ్మటనే వాడవలెను. పాలియెస్టరు దారమును బాబిన్కు అతివేగముగా చుట్టరాదు. సాగిన దారము కుట్టిన తరువాత వెనుకకు లాగుకొని ముడతలు పుట్టించును.

సాధారణ యంత్రపు కుట్టునకు, కుట్టు పొడవునకు రెండున్నర నుండి మూడు రెట్ల దారము పట్టును. ఇంత పట్టినను, బట్ట ధరతోను కుట్టు కూలితోను పోల్చినచో దారపు ఖర్చు స్వల్పము. ఆ స్వల్పములో మిగిల్చిన రూపాయలకై వేల రూపాయల చీర పాడైనచో నష్టపరిహారము ఇచ్చుకొనవలసినది కుట్టినవారే. పెద్ద దుకాణము ఒక నష్టమును భరింపగలదు. ఇంట కుట్టు తల్లికి ఆ ఒక్క చీర నెల సంపాదనను మ్రింగును.

విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి యొక్కటియే. ఈ పర్యాయము ఇంటికొరకు దారము తెచ్చుటకు మిమ్ము పంపినప్పుడు, రంగు ముక్కను మాత్రము తీసికొని పోవలదు. ఏ బట్ట, ఏ కుట్టు, ఏ సూది అని అమ్మను అడిగి పొండు. దుకాణమున రీలు అడుగున అచ్చువేసిన జాతిని, సంఖ్యను చదివి తెండు. మీ చదువు యంత్రము ముందు కూర్చున్న ఆ చేతులకు సాయపడుటకు ఇది సులభమైన మార్గము.