అరటి తెగులు – నిరోధక రకాల పరీక్ష

మనము తినే అరటిపండులో మొలకెత్తే విత్తనం లేదు. తల్లిచెట్టు పిలకయే మరుసటి చెట్టు. కనుక ఒక రకానికి చెందిన చెట్లన్నీ ఒకే చెట్టుకు ప్రతిరూపాలు. అందువలన పండు రుచి తరతరాలకు మారదు. కాని ఒక చెట్టును చంపగల తెగులు తోటనంతటినీ చంపగలదు.

అట్టి తెగులే పనామా తెగులు. నేలలో ఉండే ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వేళ్ల ద్వారా ప్రవేశించి, నీటిని కొనిపోయే నాళాలను మూసివేస్తుంది. ముదురాకులు పసుపుబారి, కాడవద్ద విరిగి వ్రేలాడుతాయి. దీని బీజాలు నేలలో దశాబ్దాలు జీవించగలవు. తెగులు సోకిన చెట్టును బ్రతికించే మందు లేదు. మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అనే ప్రసిద్ధ రకం దీనికి బలియై, 1960 ప్రాంతానికి ఎగుమతి వ్యాపారం నుండి తొలగిపోయింది. ఆ స్థానాన్ని కావెండిష్ ఆక్రమించింది. మన తోటలలోనూ అమృతపాణి ఈ తెగులుకు సులభంగా లొంగుతుంది. కర్పూర చక్కెరకేళి చాలవరకు తట్టుకుంటుంది.

ఏ రకం తట్టుకోగలదో తెలుసుకొనుట ఎట్లు? శిలీంధ్రాన్ని ధాన్యపు గింజలపై పెంచి, కుండీలలోని మట్టిలో కలిపి, అందులో లేత మొక్కలను నాటుతారు. తప్పక లొంగిపోయే రకమొకటి ప్రక్కనే ఉండవలెను. అదియు ఎండనిచో పరీక్షయే చెల్లదు. కొన్ని వారాల తరువాత దుంపను కోసి, లోపలి గోధుమరంగు మచ్చల విస్తీర్ణాన్నిబట్టి మార్కులు వేస్తారు. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన దుంప ఆరోగ్యంగా ఉన్నదని చెప్పరాదు. ఇందులో నెగ్గిన రకాలను తెగులు నిండిన పొలంలో మరల పరీక్షిస్తారు.

అయినను ఈ తీర్పు శాశ్వతం కాదు. శిలీంధ్రంలోనూ తెగలున్నవి. మొదటి తెగను జయించిన కావెండిష్, 1960ల చివర తైవాన్‌లో నాల్గవ తెగకు ఓడిపోయింది. ఆ తెగ 2019లో కొలంబియాలో బయటపడినది; మన దేశంలో బీహారులోనూ కనిపించినది. తైవాన్ శాస్త్రజ్ఞులు కణజాల వర్ధనంతో పెంచిన మొక్కలను తెగులు నేలలో నాటి, బ్రతికిన వాటిని ఎన్నుకొన్నారు. గింజలతో నిండి తినుటకు పనికిరాని ఒక అడవి అరటి నుండి గ్రహించిన జన్యువుతో రూపొందిన కావెండిష్‌కు 2024లో ఆస్ట్రేలియా అనుమతి లభించినది.

విద్యార్థులారా! ఒక రకం నిరోధకమని విన్నప్పుడు, ఏ తెగకు, ఏ నేలలో, ఎన్ని పంటలలో అని ప్రశ్నించండి. అంగడిలో విలువలేని రకాన్ని పారవేయకండి. రేపటి తోటకు ప్రాణం పోయగల గుణం దానిలోనే దాగియుండవచ్చును.